మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారు

1842వ సంవత్సరమున కలకత్తాలో చిత్పూరు వీథియందలి బ్రహ్మసమాజ మందిరమునకు ఇరువదియైదేండ్ల వయస్సుగల ధనికుని బిడ్డ యొకడు వచ్చి, అచ్చటి యుపాసనాక్రమమును పరికించెను. ప్రక్కగదిలో వేదపఠనము జరుగుచుండెను. ఆ గదిలోనికి బ్రాహ్మణులకు తప్ప ఇతరులకు ప్రవేశము లేదు. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట పెద్దగదిలో జరుగు వ్యాఖ్యానమునకు మాత్రము అన్ని జాతులవారును కూర్చుండవచ్చును. నిరాకారోపాసనకై కట్టబడిన ఆ మందిరపు వేదిక మీదనే ఉపదేశకు డొకడు రామావతార మహిమను వర్ణించుటయు ఆ యువకుని చెవిని బడెను.

రామమోహనరాయలవారు 1830వ సంవత్సరమున వ్రాయించిన ధర్మకర్తల దస్తావేజు, ఆ మందిరము జాతిమతభేదము లేక సకలజనులకును తెరచియుండవలెననియు, విగ్రహమేదియు లోనికి రాగూడదనియు శాసించుచున్నది. దస్తావేజు పెట్టెలో నుండెను. ఆచారము గదిలో నుండెను. న్యాయస్థానములలో తిరుగువారికి ఈ వింత క్రొత్తది కాదు. రాయలవారి కాలమున ఆ గదిలో వేదము చదివినవారు ఇద్దరు తెలుగు బ్రాహ్మణులని సమాజచరిత్ర చెప్పుచున్నది. ఇది మనము గర్వింపదగిన విషయమో, తల వంచుకొనదగిన విషయమో చదువరులే నిర్ణయింతురు గాక.

ఆ యువకుడే దేవేంద్రనాథ ఠాకూరుగారు. వారు 1817 మే 15వ తేదీన జొడాసాంకోలో జన్మించిరి. తండ్రి ద్వారకానాథుడు వర్తకమునను జమీందారీలయందును వంగదేశమున పేరుమోసినవాడు, రాయలవారికి ఆప్తుడు. రాయలవారు 1833లో బ్రిస్టలు నగరమున గతించిన పిదప సమాజమును బ్రదికించినవి ద్వారకానాథుని ధనసాహాయ్యమును, రామచంద్ర విద్యావాగీశులవారి పట్టుదలయు మాత్రమే. దేవేంద్రనాథులు మొదట రాయలవారి పాఠశాలలోను, తరువాత హిందూ కాలేజీలోను చదివిరి. నాయనమ్మ అవసానకాలమున గంగయొడ్డున కూర్చుండియుండగా ఐశ్వర్యముపై విరక్తి కలిగెననియు, పిమ్మట గాలికి కొట్టుకొనివచ్చిన చినిగిన పుటలోని ఈశోపనిషద్వాక్యమునకు విద్యావాగీశులు అర్థము చెప్పగా దారి కనబడెననియు వారు స్వీయచరిత్రలో వ్రాసికొనిరి. వైరాగ్యము పుట్టిన కథలు మన దేశమున కొల్లలు. ఆ వైరాగ్యమును పాఠశాలగను, పత్రికగను, నియమబద్ధమైన సంఘముగను మార్చినవారు అరుదు.

1839 అక్టోబరు 6న పదిమందితో తత్త్వబోధినీ సభ స్థాపింపబడెను. మరుసటి యేట పాఠశాల తెరవబడినది. దానిలో శాస్త్రములును ధర్మమును వంగభాషలోనే బోధింపబడెను. 1843లో అది బాన్స్‌బేరియా గ్రామమునకు మార్చబడెను. 1842లో సభవారు సమాజభారమును వహింపగానే వేదపఠనము ప్రక్కగది వదలి అందరి యెదుటికి వచ్చెను. 1843 ఆగష్టులో తత్త్వబోధినీ పత్రిక పుట్టెను. అక్షయకుమార దత్తుగారు పండ్రెండేండ్లపాటు దానిని నడపి, ధర్మముతోపాటు ప్రకృతిశాస్త్రములను కూడ వంగగృహములలో ప్రవేశపెట్టిరి.

అంతవరకు సమాజమునకు వచ్చువారు విని, లేచి, ఇంటికి పోయి యథాప్రకారము విగ్రహమునకు మ్రొక్కుచుండిరి. వారు శ్రోతలేగాని సభ్యులు కారు. దేవేంద్రనాథులు ఒక ప్రతిజ్ఞాపత్రమును రచించి, 1843 డిసెంబరు 21న మరి యిరువదిమందితో కూడ విద్యావాగీశులయొద్ద దీక్ష గైకొనిరి. బ్రహ్మసమాజము సంఘ మైనది ఆ దినముననే యని నా యభిప్రాయము.

1845లో ఉమేశచంద్ర సర్కారను యువకుడు భార్యతో కూడ క్రైస్తవము పుచ్చుకొనగా కలకత్తా అల్లకల్లోల మయ్యెను. దేవేంద్రనాథులు ఇంటింటికి తిరిగి, సహగమన నిషేధము నెదిరించిన రాధాకాంత దేవుగారిని సైతము కలుపుకొని, 1846లో హిందూహితార్థి విద్యాలయమును నెలకొల్పిరి. అందు జీతము లేకయే చదువు చెప్పుచుండిరి. పరులపై కోపముచే కూడిన చందాలు ఎంతకాలము నిలుచును? కొన్నియేండ్లకే అది మూతపడెను.

ఇంతకంటె గొప్ప పరీక్ష స్వపక్షమునుండియే వచ్చెను. వేదములు అపౌరుషేయములు, దోషరహితములు అని సమాజమువారు వాదించుచుండిరి. అక్షయకుమారుడు దీనిని ఒప్పుకొనడయ్యెను. అధ్యక్షుడే ధనదాత యైన సంఘములో ఉద్యోగి నోరు మూయించుట సులభము. దేవేంద్రనాథులు ఆ పని చేయలేదు. నలుగురు విద్యార్థులను తమ ఖర్చుతో కాశికి పంపి వేదము లభ్యసింపజేసిరి. 1847లో తామును అచ్చటికి పోయి పండితులను ప్రశ్నించిరి. మొదట శంకరుల భాష్యముగల పదునొకండు ఉపనిషత్తులే యున్నవని నమ్మినవారికి, వెదకగా నూటనలుబదియేడు కనబడెను. వానిలో గోపీచందన మహిమను చెప్పునవియు, అల్లా పేర వెలసినదియు కలవు. ప్రామాణికములైన వానిలో సహితము జీవబ్రహ్మైక్యమును చెప్పు వాక్యములు తమ భక్తికి పొసగలేదు. ఏ పునాదిపై తాము పాఠశాలను, పత్రికను, సంఘమును కట్టిరో అది నిలువదని తేలినప్పుడు, 1850 ప్రాంతమున సమాజము వేదప్రామాణ్యమును విడిచెను. నిర్మలహృదయమున వెలుగు జ్ఞానమే ప్రమాణముగా గ్రహింపబడెను. 1848లోనే వారు ఉపనిషద్వాక్యములను ఏర్చి కూర్చి అక్షయకుమారునిచే వ్రాయించిన గ్రంథము ‘బ్రాహ్మధర్మము’.

ఈ నడుమనే సంసారము తలక్రిందులయ్యెను. 1846 ఆగష్టు 1న ద్వారకానాథుడు లండనులో మరణించెను. జ్యేష్ఠపుత్రుడు సాలగ్రామము లేక శ్రాద్ధము పెట్టుటకు నిశ్చయింపగా జ్ఞాతులు విడిచిపోయిరి. 1848లో కార్ ఠాకూరు కంపెనీ దివాలా యెత్తెను. ఇయ్యవలసిన అప్పు కోటి రూపాయలు; రావలసినది డెబ్బదిలక్షలు. తండ్రి ముందుచూపుతో కొన్ని జమీందారీలను ట్రస్టుక్రింద నుంచియుండుటచే వానిని ఋణదాతలు తాకజాలరు. నాబోటి వకీలును అడిగినచో, వానిని గట్టిగా పట్టుకొనుమనియే చెప్పియుండును. దేవేంద్రనాథులు ఆ యాస్తిని సైతము ఋణదాతల యెదుట పెట్టిరి. వారు చలించి, కుటుంబభరణమునకు ఏర్పాటుచేసి, క్రమముగా తీర్చుటకు గడువిచ్చిరి. అప్పంతయు తీరెను; తండ్రి ఒక ధర్మసంస్థకు వాగ్దానముచేసిన లక్షరూపాయలు సహితము వడ్డీతో చెల్లింపబడెను. ఆ కుటుంబముపై బయట కాసు వ్యాజ్యము వేయగలవాడు లేకుండగా జరిగిన చెల్లింపులు ఇందులో చేరియున్నవి.

హిమాలయములనుండి 1858లో తిరిగి వచ్చునప్పటికి కేశవచంద్ర సేనులవారు సమాజమున చేరియుండిరి. 1859లో బ్రహ్మవిద్యాలయము వెలసెను. పెద్దవారు వంగభాషలోను, చిన్నవారు ఇంగ్లీషులోను ఉపన్యసించుచుండిరి. 1862లో బ్రాహ్మణుడు కాని కేశవులవారిని దేవేంద్రనాథులు ఆచార్యపదమున కూర్చుండబెట్టిరి. తాము జంద్యమును విసర్జించిరి. 1864లో కేశవులవారు మదరాసునకు వచ్చినప్పుడు మన దక్షిణదేశమున వేదసమాజము పుట్టెను.

ఆ సంవత్సరమే తుపానువలన మందిరము దెబ్బతిని, ఉపాసన జొడాసాంకో గృహమున జరుగుచుండగా, తొలగింపబడిన జంద్యధారులు మరల వేదిక నెక్కిరి. పిన్నలు తిరుగబడిరి. ధర్మకర్తగా దేవేంద్రనాథులు మందిరముపై తమ యధికారమును వదలలేదు. 1866 నవంబరులో కేశవపక్షము వేరై భారతవర్షీయ బ్రహ్మసమాజమును స్థాపించెను. వేదమును పరీక్షకు పెట్టినవారు జంద్యమును అట్లు పెట్టలేకపోయిరి. 1873లో తమ కుమారుడు రవీంద్రునికి, విగ్రహపూజ లేకుండనే యైనను, ఉపనయనము చేసిరి. దీనిని దాచి చరిత్ర వ్రాయుట వారికి గౌరవము కాదు. అయినను విడిపోయినవారే తరువాత వారికి సన్మానపత్ర మిచ్చిరి; లోకము వారిని మహర్షి యనెను.

1863లో బోలపూరు చెంత ఇరువది బిగాల బీడునేలను రెండు చెట్ల నీడకై తీసికొనిరి. 1888లో దానికి ట్రస్టుదస్తావేజు వ్రాయించిరి: అచ్చట ఏ జాతివాడైనను ఏకేశ్వరోపాసన చేయవచ్చును, విగ్రహము, మద్యము, మాంసము కూడవు, ఏ మతమునకును నింద కూడదు, పాఠశాలకును సంవత్సరోత్సవమునకును అవకాశ ముండవలెను. 1901లో రవీంద్రనాథులవారు ఆ శాంతినికేతనమున కొలదిమంది బాలురతో విద్యాలయమును తెరచిరి. 1905 జనవరి 19న మహర్షి జొడాసాంకో గృహముననే దేహమును చాలించిరి.