ప్రకాశంపంతులుగారి చదువు

చెన్నపట్టణపు తెలుగు వకీళ్లు నలుగురు కూడినచోట టంగుటూరి ప్రకాశంపంతులుగారి ప్రస్తావన వచ్చుట కద్దు. 1928వ సంవత్సరమున సైమను సంఘమును బహిష్కరించిన దినమున తుపాకులకు ఎదురుగా ఱొమ్ము చూపిన సాహసము, హైకోర్టులో గడించిన ధనము, ఆ ధనమును స్వరాజ్య పత్రికకు ధారవోసిన ఔదార్యము, ఇవియే అందఱి నోటను వినవచ్చును. వానిని మేము మఱల విస్తరింపబోము. ఆంధ్రకేసరి యనిపించుకొన్న ఆ మహాపురుషుడు ఒకప్పుడు పరీక్షరుసుము కట్టలేని బాలుడు. అట్టి బాలుడు కళాశాల గడపవఱకు ఎట్లు రాగలిగెనో ఆ వృత్తాంతము మాకు ఎక్కువ ఆసక్తికరముగా నున్నది.

పంతులుగారు 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమందలి వినోదరాయునిపాలెమున జన్మించిరి. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. కుమారునకు పదునొకండేండ్లు నిండునప్పటికి తండ్రి గతించెను. సుబ్బమ్మగారు పిల్లలను వెంటబెట్టుకొని ఒంగోలు చేరి పూటకూళ్ల ఇల్లు పెట్టిరి. ఆ కాలమున ఆ వృత్తికి లోకములో ఎంత చులకన యుండెనో పెద్దవారెఱుగుదురు. పరువుగల సంసారములవారు పూటకూళ్లమ్మ యనిన మాటను తిట్టుగా వాడుచుండిరి. ఆమె ఆ మాటను పడి, పొయ్యివద్ద కూర్చుండి, బిడ్డను బడికి పంపెను. ఆ రాబడి చాలక బాలుడు కలిగినవారి ఇండ్లలో వారములు చేసికొని తినవలసివచ్చెను. ఆదివారము ఒక ఇల్లు, సోమవారము మఱియొక ఇల్లు. మన పాఠకులలో పలువుర తాతలు ఇట్లే చదివికొన్నవారు గనుక దీనిని వివరింప నక్కఱలేదు. వారము తప్పిననాడు కడుపు మాడుననియు, ఆనాటి పాఠము తలకెక్కదనియు వారు చెప్పగా మేమును వినియున్నాము.

అటుపిమ్మట మూడు రూపాయల సంగతి. పరీక్షకు పోవుటకు రుసుము మూడు రూపాయలు కావలసెను. ఇంటిలో లేవు. తల్లి తన పట్టుచీరను తాకట్టుపెట్టి ఆ మూడు రూపాయలు తెచ్చి గడువులోపల కట్టించెను. మేము న్యాయవాదులము గనుక ఒక మాట చెప్పుదుము. గడువు మీఱిన అప్పీలునకు జాప్యమును మన్నింపుమని దరఖాస్తు పెట్టుకొనవచ్చును. బీదబాలుని పరీక్షరుసుమునకు అట్టి దరఖాస్తు లేదు. ఆ దినము దాటినచో ఏడాది పోవును. ఏడాది పోయిన బాలుడు పెక్కుమాఱులు బడికి తిరిగి రాడు. పెట్టెలో ఆ చీర లేకయుండినచో మద్రాసు రాజధాని ప్రధానమంత్రులలో ఒకరు ఒంగోలు వీథులలోనే మిగిలిపోయెడివారు.

వీథులనుటలో అతిశయోక్తి లేదు. బాలప్రకాశము బుద్ధిమంతుడని ఎవ్వరును అనలేదు. అల్లరిమూకలతో తిరుగుట, నాటకములవెంట పడుట, స్త్రీపాత్రలు ధరించి చప్పట్లు కొట్టించుకొనుట, ఇవి ఆయన విద్యార్థిదశలో ప్రధానవ్యాసంగములు. అట్టివానిని చూచి చదువబ్బదని చేయి కడిగికొనుట ఏ ఉపాధ్యాయునకైనను సులభము. అట్లు చేయనివారు ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారు.

నాయుడుగారు ఒంగోలు మిషను పాఠశాలలో ఉపాధ్యాయులు. ఈ బాలుని చురుకుదనమును కనిపెట్టి చేరదీసిరి. తాము రాజమహేంద్రవరమునకు తరలిపోవునప్పుడు శిష్యుని ఒంగోలులో విడువక వెంటబెట్టుకొని పోయిరి. అక్కడ అప్పటికి కళాశాల యుండెను, ఒంగోలులో లేకుండెను. కాబట్టి పుస్తకముల సొమ్మిచ్చి దీవించి పంపుటతో ఈ పని తీరునది కాదు. ఉండుటకు ఒక నీడ, అడుగుటకు ఒక మనుష్యుడు కావలెను. ఆ రెండును నాయుడుగారే అయిరి.

ఇందొక చమత్కారము కలదు. శిష్యుని చదువునకు నాటకముల పిచ్చియే పెద్ద ఆటంకము కాగా గురువుగారికిని ఆ పిచ్చి తక్కువది కాదు. రాజమహేంద్రవరమున వారు నడపిన నాటకసమాజమునకే చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు తొలినాళ్లలో నాటకములు వ్రాసియిచ్చిరి. ప్రకాశముగారు అందు వేషములు కట్టిరి. ఫలితము ఊహింపదగినదే: మెట్రిక్యులేషను పరీక్షలో తప్పిరి. ఈ విషయమున నాయుడుగారిని కొంత తప్పుపట్టవలసియున్నది. రంగస్థలమున అలవడిన కంఠము తరువాత హైకోర్టులో అక్కఱకు వచ్చెనని సమాధానము చెప్పువారు కలరుగాని, ఆ సంవత్సరము పోయిన మాట పోయినదే. అయినను పరీక్ష తప్పిన శిష్యుని ఆయన ఇంటినుండి పంపివేయలేదు. ఎఫ్.ఏ. తరగతిలో చేర్పించిరి. అటుపై వారి ప్రోత్సాహముతోనే ప్రకాశముగారు చెన్నపట్టణము వచ్చి న్యాయశాస్త్రము చదివి రెండవతరగతి ప్లీడరైరి.

ఇక్కడ మఱియొక సంగతిని దాచరాదు. వారములు చేసికొను ఆచారము బ్రాహ్మణబాలురకు ఉపకరించిన ఏర్పాటు. నియోగి కుటుంబములో పుట్టుటచే ప్రకాశముగారికి పేదఱికములోను ఆ తలుపు తెఱచియుండెను. అదే ఒంగోలులో అదే వయసున మాలపల్లెలో పుట్టిన బాలునకు ఏ ఇంటి వంటయింటిలోను ఏ వారమును లేదు. తల్లికి తాకట్టుపెట్టుటకు పట్టుచీరయు లేదు. మిషనువారి పాఠశాలలు అట్టివారిలో కొందఱను చేరదీసినమాట నిజమే. కాని పంతులుగారి కథను బీదతనమును జయించిన దృష్టాంతముగా చెప్పుకొనునపుడు, ఆయనకు చేయూత యిచ్చిన ఆచారము ఎందఱికి నిషిద్ధమైయుండెనో కూడ లెక్కలోనికి తీసికొనవలెను. చేరదీయబడనివారి జీవితచరిత్రలు వ్రాయబడలేదు.

తరువాతి కథ లోకవిదితము. రాజమహేంద్రవరమున వకాలతు సాగి, 1904వ సంవత్సరమున పురపాలకసంఘాధ్యక్షులైరి. రెండవతరగతి ప్లీడరునకు హైకోర్టులో వాదించు అధికారము లేనందున, మద్యమాంసములును పొగయు ముట్టనని తల్లికి మాటయిచ్చి సీమకు పోయి, 1907వ సంవత్సరమున బారిష్టరై తిరిగివచ్చి చెన్నపట్టణమున స్థిరపడిరి. 1921వ సంవత్సరమున వృత్తిని విడిచి స్వరాజ్య పత్రికను స్థాపించిరి. అది వారి ఆస్తిని మ్రింగివేసెను. 1946, 1947 సంవత్సరములలో మద్రాసు ప్రధానమంత్రిగను, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రిగను ఉండిరి. 1957వ సంవత్సరము మే 20వ తేదీన హైదరాబాదులో పరమపదించిరి. 1972లో ఒంగోలు జిల్లాకు వారి పేరు పెట్టబడెను.

పూటకూళ్ల ఇంటిని పంతులుగారు ఎన్నడును దాచుకొనలేదు. నా జీవితయాత్ర యను స్వీయచరిత్రలో తల్లి కష్టమును, వారముల భోజనమును, తన అల్లరిని ఉన్నవున్నట్లు వ్రాసికొనిరి. నాయుడుగారి పేరును అందే నిలిపిరి.