రమాబాయి నలుగురు బిడ్డలు, శ్రీసిటీ తల్లుల అప్పులు

మే 27 వస్తే మన పేటల్లో రమాబాయి అంబేడ్కర్ ఫొటోకు పూలదండ వేస్తాం. త్యాగమూర్తి అని తలచుకుంటాం. ఆమె ఐదుగురిని కంటే నలుగురు ఎందుకు బతకలేదన్నది మాత్రం అడగం. శ్రీసిటీ కార్మిక కుటుంబాల మధ్య పరిశోధన చేస్తున్న మమ్మల్ని ఆ ప్రశ్న వదలడం లేదు.

రమాబాయి 1898లో కొంకణ్ ప్రాంతంలోని దాపోలి దగ్గర వణంద్‌లో పుట్టారు. తండ్రి చేపల బుట్టలు మోసే కూలీ. చిన్నప్పుడే తల్లిదండ్రులను పోగొట్టుకుని బంధువుల వెంట బొంబాయి చేరారు. 1906లో బైకుల్లా మార్కెట్‌లో భీమ్‌రావుతో పెళ్లయింది.

1913లో ఆయన బరోడా స్కాలర్‌షిప్‌తో అమెరికా వెళ్లారు. 1920లో లండన్ వెళ్లి 1923లో తిరిగొచ్చారు. ఆ ఏళ్లలో ఇల్లు నెట్టుకొచ్చింది రమాబాయే. పరేల్ చాల్‌లో చిన్న గదులు, అరకొర తిండి. గంగాధర్, రమేశ్, ఇందు పోయారు. 1926 జూలైలో రాజరత్న కూడా పోయాడు. మిగిలింది యశ్వంత్ ఒక్కడే. బిడ్డ శవంపై కప్పడానికి గుడ్డ లేక ఆమె చీర చెంగు చింపి ఇచ్చారని మన సభల్లో చెప్పుకుంటాం. కళ్లు తుడుచుకుని ఇళ్లకు వెళ్తాం. కానీ అది తలరాత కాదు, పేదరికం. జబ్బుతో చాలాకాలం బాధపడి, 1935 మే 27న 37 ఏళ్లకే ఆమె కన్నుమూశారు.

1942లో బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చేపట్టారు. ఆయన హయాంలోనే అదార్కర్ కార్మికుల ఆరోగ్య బీమాపై 1944లో నివేదిక ఇచ్చారు. అదే 1948 ఈఎస్‌ఐ చట్టానికి పునాది. ఇంట్లో పడ్డ దుఃఖమే దానికి కారణమని మేము అనం. ఆ దుఃఖం తెలిసిన మనిషి చేతిలో ఆ శాఖ ఉందని మాత్రం గుర్తుచేస్తున్నాం.

ఇప్పుడు శ్రీసిటీకి వద్దాం. సత్యవేడు, తడ వైపు అద్దె గదుల్లో మేము కలిసిన తల్లులకు బిడ్డ జ్వరమంటే ముందు గుర్తొచ్చేది వడ్డీ. డాక్టర్ ఫీజు, రక్త పరీక్షలు, మందులు, తిరుపతి రుయాకు వెళ్లిరావడానికి బస్సు చార్జీలు, పోయిన రోజు కూలి. చెవి కమ్మలు కుదువకు పోతాయి. ఇదివరకు ఆరోగ్యశ్రీ అని పిలిచిన ప్రభుత్వ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. పదేపదే వచ్చే చిన్న జబ్బుల ఖర్చు ఇంటి మీదే పడుతుంది.

ఆ ఖర్చును మోయాల్సింది ఈఎస్‌ఐ. నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికి, కాంట్రాక్టు కార్మికులకు కూడా అది హక్కు. జీతంలో 0.75 శాతం కార్మికులది, 3.25 శాతం యజమానిది. పిల్లలకూ వైద్యం అందాలి. అప్రెంటిస్ చట్టం కింద పెట్టుకున్నవారికి మాత్రం ఇది వర్తించదు. కోత పడుతున్నా కార్డు చేతికి రానివారూ, కార్డులో పిల్లల పేర్లు చేర్చనివారూ మాకు కనిపించారు.

ఈ మే 27న దండ వేశాక, పేటలో ఒక బల్ల వేసుకుని కూర్చుందాం. జీతం స్లిప్పులు చూసి, పిల్లల పేర్లు ఎక్కించి పెడదాం. రమాబాయికి అందనిది మన తల్లులకైనా అందాలి.