వేళ్లకు తోలు తొడిగిన వోకాన్సన్

మా పీజీ ల్యాబ్‌లో రోబో లేదు. గజెబో అనే సాఫ్ట్‌వేర్‌లో రోబోను తయారుచేసి, తెర మీదే నడిపిస్తాం. గోడకు గుద్దుకుంటే ప్రోగ్రాం దిద్దుకుంటాం. కంప్యూటర్ పుట్టకముందే ఇలాంటి పనిని కొయ్యతో, మేకులతో చేసిన మనిషి ఉన్నారని తెలిశాక ఆయన గురించి మన సంచికలో రాయాలనిపించింది.

జాక్ ద వోకాన్సన్ 1709లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పుట్టారు. తండ్రి తోలు చేతితొడుగులు కుట్టేవాడు. ఈయన పదో సంతానం. కొంతకాలం మఠంలో చేరినా మనసంతా యంత్రాల మీదే.

1738లో పారిస్‌లో ఆయన ఫ్లూటు వాయించే నిలువెత్తు బొమ్మను చూపించారు. అది నిజంగానే ఊది వాయించేది. లోపల తిరిగే పీపా, దాని మీద మేకులు. మేకు తగిలితే మీట లేస్తుంది. మొత్తం 15 మీటలు: వేళ్లకు 7, పెదవులకు 4, గాలికి 3, నాలుకకు 1. మేకులు ఎక్కడ కొట్టాలన్నదే ప్రోగ్రాం. శరీరం వేరు, దానికిచ్చే ఆదేశం వేరు అన్న ఆలోచన అందులోనే ఉంది. కొయ్య వేలు ఫ్లూటు రంధ్రాన్ని సరిగా మూయదు గనుక వేళ్ల కొసలకు తోలు తొడిగారు. తోలు సంగతి తెలిసిన ఇంటి బిడ్డ కదా! చెప్పులు కుట్టే ఇళ్ల నుంచి వచ్చిన మేము ఇక్కడ చాలాసేపు ఆగిపోయాం.

మరుసటి ఏడాది చేసిన బాతు ఇంకా పేరు తెచ్చింది. గింజలు తిని అరిగించుకుంటుందని చెప్పారు. నిజానికి రెట్ట ముందే లోపల పెట్టి ఉంచినదని తర్వాతి శతాబ్దంలో బయటపడింది. అంత విద్య ఉన్నవాడికి ఈ అబద్ధం ఎందుకో మాకు అర్థం కాలేదు.

1741లో ప్రభుత్వం ఆయనను పట్టు పరిశ్రమకు తనిఖీ అధికారిగా వేసింది. ఆయన తెచ్చిన నిబంధనలు తమ పొట్ట కొడతాయని 1744లో లియోన్ నేతకార్మికులు తిరగబడ్డారు. ఆయన ఊరు విడిచి పారిపోయారు. ఇక్కడ మేము నేతగాళ్ల పక్షమే. అయినా 1745లో ఆయన చేసిన మగ్గాన్ని కాదనలేం. చిల్లులున్న కాగితమే నేతను నడిపించింది. అప్పట్లో దాన్ని ఎవరూ వాడలేదు.

1782లో చనిపోతూ తన యంత్రాలను రాజుకు రాసిచ్చారు. పారిస్‌లో భద్రపరచిన ఆ మగ్గాన్ని జాకార్డ్ అనే లియోన్ నేతగాడు పరిశీలించి, 1804 నాటికి చిల్లుల అట్టలతో నడిచే సాధనాన్ని సిద్ధం చేశాడు. ధర్మవరం పట్టుచీరల అంచుల్లో పువ్వులు వేసేది ఆ జాకార్డే. మన హాస్టల్లో నేత ఇళ్ల తమ్ముళ్లు ఆ అట్టలు చూసే ఉంటారు.

ఫ్లూటు వాయించిన బొమ్మ మిగల్లేదు. మగ్గం మాత్రం పారిస్ మ్యూజియంలో ఉంది.