టి.ఆర్.శేషాద్రి

తిరువెంకట రాజేంద్ర శేషాద్రి (ఫిబ్రవరి 3, 1900 - సెప్టెంబర్ 27, 1975) ప్రముఖ భారతీయ కర్బన రసాయన శాస్త్రవేత్త. మొక్కలలోని రంగు పదార్థాలైన ఫ్లేవనాయిడ్ల నిర్మాణాన్ని నిర్ణయించుటలో, వాటిని ప్రయోగశాలలో సంశ్లేషించుటలో పేరు పొందాడు. తమిళదేశంలో జన్మించినా, ఈయన పరిశోధనలకు పునాది పడింది వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే.

బాల్యము, విద్యాభ్యాసము

శేషాద్రి కావేరీ తీరంలోని కుళిత్తలైలో జన్మించాడు. రామకృష్ణ మిషన్ ఆర్థిక సహాయంతో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివాడు. బిమన్ బిహారీ డే వద్ద పరిశోధన ప్రారంభించి, 1927లో ఇంగ్లాండు వెళ్ళి, మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ వద్ద 1929లో పి.హెచ్.డి. పొందాడు. ఆ తరువాత ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఫ్రిట్జ్ ప్రెగెల్ వద్ద సూక్ష్మ విశ్లేషణ నేర్చుకున్నాడు. కొద్ది మిల్లీగ్రాముల పదార్థంతోనే మూలకాల పాళ్ళు తేల్చే విద్య అది. బుట్టెడు పూలనుండి చిటికెడు రంగు మాత్రమే దక్కే పనిలో దిగబోయేవానికి ఇంతకంటె అవసరమైన శిక్షణ లేదు.

వాల్తేరు, గుంటూరు

1930లో స్వదేశం వచ్చి కొంతకాలం కోయంబత్తూరులో పనిచేశాడు. 1933లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరాడు. అప్పటికి ఆ విశ్వవిద్యాలయం వయస్సు ఏడేళ్ళే. 1937లో ఆచార్యుడయ్యాడు.

ఖరీదైన రసాయనాలు అందని చోట చుట్టూ దొరికే మొక్కలనే ఈయన పరిశోధన వస్తువులుగా తీసుకున్నాడు. నీలకంఠంతో కలిసి పత్తి పూల రంగులను, రంగస్వామితో కలిసి కానుగ నూనెలోని స్ఫటిక పదార్థాలను పరిశీలించాడు. కానుగ నుండి పొంగమాల్ అనే పదార్థం ఇక్కడే వేరుపడింది. గోగు పూలనుండి హైబిస్సెటిన్ వెలువడింది. గోంగూర తినే సీమలో ఆ పువ్వును రసాయన దృష్టితో చూసినవారు అంతకుముందు అరుదు.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్టణంపై బాంబులు వేశాయి. వాల్తేరు భవనాలు సైన్యానికి అప్పగించబడ్డాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. శ్రమపడి అమర్చుకున్న ప్రయోగశాలను వదలి, తాత్కాలిక వసతులలో పని సాగించవలసి వచ్చినా శేషాద్రి బృందం పరిశోధన ఆపలేదు.

గాసిపెటిన్ సంశ్లేషణ

పల్నాటి నల్లరేగడి చేలలో పసుపు పచ్చగా విచ్చే పత్తి పూలను అందరూ ఎరుగుదురు. ఆ పూలలోని ఒక రంగు పదార్థం గాసిపెటిన్. ఇది అనేక మొక్కలలో లభించే క్వెర్సెటిన్‌ను పోలినదే. తేడా ఒక్కటే, ఎనిమిదవ స్థానంలో ఒక హైడ్రాక్సిల్ సమూహం ఎక్కువ. రాబిన్సన్ బృందం 1929లోనే గాసిపెటిన్‌ను సంశ్లేషించింది గాని, ఆ పద్ధతిలో అణువును చిన్న ముక్కలనుండి మొదలుపెట్టి కట్టాలి.

శేషాద్రి అడిగిన ప్రశ్న వేరు. మొక్క ప్రతి రంగును మొదటినుండి విడివిడిగా తయారుచేస్తుందా, లేక ఉన్న అణువుకే ఆక్సిజన్ చేరుస్తుందా? రెండవదే నిజమైతే ప్రయోగశాలలోనూ అది సాధ్యం కావాలి. క్వెర్సెటిన్‌లో అయిదవ స్థానంలోని హైడ్రాక్సిల్‌ను మాత్రం విడిచి, మిగిలినవాటిని మిథైల్ సమూహాలతో కప్పి, క్షార ద్రావణంలో పెర్సల్ఫేటుతో చర్య జరిపితే కొత్త హైడ్రాక్సిల్ ఎదుటి స్థానమైన ఎనిమిదవ దానిలో చేరుతుంది. పిదప మిథైల్ సమూహాలను తొలగిస్తే గాసిపెటిన్ వస్తుంది. ఈ కేంద్రక ఆక్సీకరణ పద్ధతిని 1940వ దశకంలో అనేక ఫ్లేవోనులకు వర్తింపజేశారు. పరీక్షనాళికలో జరిగినంత మాత్రాన మొక్కలోనూ అట్లే జరుగుతున్నదని రుజువు కాదు. అయినా జీవకణపు దారిని ఊహించి సంశ్లేషణను రూపొందించడం ఆ రోజులలో సాహసమే.

ఢిల్లీ

సర్ మారిస్ గ్వయర్ ఆహ్వానంపై 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అక్కడ రాతిపూవులపైన, ఎర్రచందనం వంటి కలపలలోని రంగు పదార్థాలపైన పనిచేశాడు. 1960లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1963లో పద్మభూషణ్ లభించాయి. 1965లో గౌరవాచార్యుడయ్యాడు. వెయ్యికి పైగా పరిశోధన పత్రాలు వెలువరించాడు. వాల్తేరులో ఈయన శిష్యుడైన ఎల్.రామచంద్రరావు అక్కడే ఆచార్యుడై మొక్కల రసాయన పరిశోధనను కొనసాగించాడు.