కొలతలు రాసిపెట్టిన ప్రొఫెసర్

జెర్రీ థామస్‌ని అందరూ ప్రొఫెసర్ అని పిలిచేవారు. ఆయన ఏ కాలేజీలోనూ పాఠం చెప్పలేదు, చేసింది బార్‌టెండర్ పని. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలోని సాకెట్స్ హార్బర్‌లో పుట్టాడు. చిన్న వయసులోనే ఓడెక్కి నావికుడయ్యాడు. 1849లో జనమంతా బంగారం కోసం కాలిఫోర్నియాకి పరుగెడుతుంటే తనూ వెళ్ళాడు. తర్వాత తిరిగొచ్చి, 1851లో న్యూయార్క్‌లో బార్నమ్ మ్యూజియం కింద సొంత బార్ పెట్టాడు. బ్లూ బ్లేజర్ అనే డ్రింకుతో ఆయన పేరు మోగిపోయింది. మన టీ కొట్టులో చాయ్ తిరగబోసినట్టే, మండుతున్న విస్కీని ఒక మగ్గులోంచి ఇంకో మగ్గులోకి పోసేవాడు.

నాకు మాత్రం ఆ మంటకన్నా ఆయన పుస్తకమే గొప్పగా అనిపిస్తుంది. అప్పటిదాకా ఈ పని తెలిసినవాళ్ళ పక్కన నిలబడి, చూసి నేర్చుకోవాల్సిందే. ఎవరి కొలతలు వాళ్ళ చేతిలోనే ఉండేవి. 1862లో థామస్ వాటిని అచ్చు వేయించాడు. అమెరికాలో మొదటి కాక్‌టెయిల్ పుస్తకంగా దాన్నే చెప్తారు.

అందులో విస్కీ కాక్‌టెయిల్ చూడండి. చక్కెర పాకం లాంటి గమ్ సిరప్ మూడు నాలుగు విదిలింపులు, బిటర్స్ రెండు. బిటర్స్ అంటే చేదు వేర్లు, బెరడులు మద్యంలో నానబెట్టి తీసిన సారం. ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేసే పనే ఇక్కడ దానిది. విస్కీ ఒక వైన్ గ్లాసు, ఇప్పటి లెక్కలో సుమారు 60 మిల్లీలీటర్లు. ఒక నిమ్మ తొక్క ముక్క. మూడో వంతు ఐసు వేసి, బాగా కుదిపి, వడగట్టాలి. అంతే, ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. విస్కీ బదులు బ్రాందీయో జిన్నో పోసి, ఒకట్రెండు విదిలింపులు కురాసావ్ అనే నారింజ లిక్కర్ కలిపితే ఇంకో కాక్‌టెయిల్. 1876 ఎడిషన్‌లో మరాస్కినో, ఆబ్సింత్ కూడా చేరి ఇంప్రూవ్డ్ రకం వచ్చింది. ఫార్ములా ఒకటే, వేరియబుల్స్ మారుతుంటాయి.

నేను దీన్ని రుచి చూడలేదు, మిమ్మల్ని చూడమనీ చెప్పట్లేదు. అయినా చదవగానే ఎలా చేయాలో అర్థమైపోయింది. మాన్యువల్‌కి అంతకన్నా పెద్ద పరీక్ష ఏముంటుంది?

థామస్ చివరి రోజులు సుఖంగా గడవలేదు. షేర్లలో డబ్బు పోగొట్టుకుని బార్ అమ్ముకున్నాడు. 1885లో, 55 ఏళ్ళకే చనిపోయాడు. బార్ పోయింది గానీ ఆ కొలతలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

మా నాన్న స్కూటర్ మెకానిక్. కార్బురేటర్ స్క్రూ ఎంత తిప్పాలో ఇంజన్ చప్పుడు విని చెప్పేస్తాడు. ఎలా తెలుస్తుందని అడిగితే, వింటే తెలుస్తుందంటాడు. షెడ్డులో నేర్చుకునే కుర్రాళ్ళు ఇప్పుడెవరూ లేరు. నేను కూడా ఆ పనిలోకి వెళ్ళను. అందుకే ఈ సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని, ఏ బండికి ఎన్ని చుట్లో లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాస్తున్నాను. ఇప్పటికి పదకొండు బళ్ళయ్యాయి.