ధనము, జనము, జలము: సర్ ఆర్థర్ కాటన్ జీవితము

వెలిగొండలలో సోమశిలవద్ద దారి చేసికొని పెన్న నెల్లూరు సీమలో ప్రవేశించును. దాని కుడిగట్టున కలువాయి ప్రాంతము, ఎడమగట్టున అనంతసాగరము, ఆత్మకూరు ప్రాంతములు కలవు. పూర్వము ఏడాదిలో అధికభాగము ఆ నది వట్టి ఇసుకమేటగా కనబడెడిది. ఎగువ వానలు కురిసినపుడు కొన్ని దినములు ఒడ్డులొరసి పాఱి, ఆ నీరంతయు సముద్రమున గలిసెడిది. గట్టున నివసించు మెట్టరైతునకు చెఱువు నిండిన యేడు పంట, నిండని యేడు పస్తు. దిగువ నెల్లూరువద్ద 1855లోను, సంగమువద్ద 1886లోను ఆనకట్టలు వెలసి డెల్టా పొలములు పచ్చబడెను గాని, ఎగువ మెట్టకు నది నీరు అందుటకు మఱి నూఱేండ్లు వేచియుండవలసివచ్చెను.

నదికి అడ్డుకట్ట వేయుటకు రాయియు సున్నమును ఉన్నంతమాత్రమున చాలదు. ధనమిచ్చువారు, పనిచేయువారు, నీరు వాడుకొనువారు - ఈ ముగ్గురును ఒక్క తలంపునకు రావలెను. ఒకరు వచ్చి ఇద్దఱు రాకున్నను, ఇద్దఱు వచ్చి ఒకరు రాకున్నను పని సాగదు, సాగినను ఫలింపదు. ఈ కూర్పుకొఱకు ఏబదియేండ్లకు పైగా శ్రమించినవాడు సర్ ఆర్థర్ కాటన్. ఆయన పేరు వినగానే ధవళేశ్వరము ఆనకట్ట మనకు స్మృతికి వచ్చును. ఆ ఆనకట్టకు ముందును, తరువాతను ఆయన ధనముకొఱకు, తోడుకొఱకు సాగించిన అన్వేషణ అంతకంటె తక్కువ విలువ గలది కాదు. అందులో విజయమును గలదు, పరాజయమును గలదు.

కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. తండ్రికి ఆయన పదవ కుమారుడు. పదునైదవ యేట ఈస్టిండియా కంపెనీవారి అడిస్కోంబు సైనిక విద్యాలయమున చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళమున ఉద్యోగము సంపాదించి, 1821లో మద్రాసు చేరెను. తొలుత బర్మా యుద్ధమున పాల్గొనెను. తరువాత కావేరీ తీరమునకు పోయెను. ఆ తీరమే ఆయనకు నిజమైన విద్యాలయమైనది.

అచట చోళుల కాలమునాటి కల్లణై అను ప్రాచీనమైన ఆనకట్ట గలదు. లోతైన పునాది లేక, ఇసుకమీదనే రాళ్ళు పేర్చి కట్టిన ఆ కట్ట శతాబ్దముల వరదలకు నిలిచియుండెను. ఇసుకలో పునాది నిలుపుట యెట్లో కాటన్ ఆ కట్టను చూచి నేర్చెను. ఆ విద్య తనది కాదనియు, ఈ దేశపు పూర్వశిల్పులదనియు చెప్పుటకు ఆయన ఎన్నడును సంకోచింపలేదు. ఈ విధముగా ఆయనకు లభించిన మొదటి భాగస్వాములు పేరైనను మిగులని ఆ పూర్వులే. 1836లో ఆయన కొలరూన్ నదిపై ఎగువ, దిగువ ఆనకట్టలను నిర్మింపగా తంజావూరు పొలములకు నీరు సుస్థిరమై, ప్రభుత్వమునకు శిస్తు పెరిగెను. ధనము పెట్టువారికి చూపుటకు చేతిలో ఒక రుజువు ఏర్పడెను.

ఇంతలో తెలుగుదేశమును దారుణమైన క్షామము పీడించెను. 1832-33 సంవత్సరములందు వచ్చిన నందన కఱవున గుంటూరు మండలమున ఐదులక్షల జనములో సుమారు రెండులక్షలమంది మరణించిరి. గోదావరి మండలపు స్థితియు అంతే. 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా నున్న అచటి జనసంఖ్య 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు తఱిగెను. ఒకవంక మహానది పాఱుచుండగా దాని తీరమునందే ప్రజలు నీరులేక, కూడులేక వలసపోవుచుండిరి. శిస్తు తఱుగుటతో ప్రభుత్వమునకును కలవరము కలిగెను. కారణములు విచారించుటకు నియుక్తుడైన సర్ హెన్రీ మాంట్‌గొమరీ, అనుభవజ్ఞుడైన ఇంజనీరును పంపి నది నీటిని వినియోగించు మార్గము పరిశీలింపజేయుమని సలహానిచ్చెను. ఆ పనికి కాటన్ వచ్చెను.

ఆయన గుఱ్ఱమెక్కి డెల్టా అంతయు తిరిగి, వాలు కొలిచి, 1844లోను 1845లోను నివేదికలు సమర్పించెను. అడుగువాని నేర్పు ఆ నివేదికలలో చక్కగా కానవచ్చును. కాటన్ హృదయమును కదలించినది ఆకలి. కాని కంపెనీ ప్రభువులను ఒప్పించునది లెక్క యని ఆయన యెఱుగును. కావున తంజావూరి సీమతో గోదావరి సీమను సరిపోల్చి, రెంటికిని భూమి యొకటే, ఎండ యొకటే, భేదమెల్ల నీటి యేర్పాటులోనే యున్నదని చూపెను. పెట్టిన ధనము శిస్తు రూపమున ఎట్లు తిరిగి వచ్చునో వివరించెను. ఆనకట్టకు సుమారు 4 లక్షల 75 వేల రూపాయలు అంచనా వేసెను. ఆ కాగితములు మద్రాసు కచేరీలు దాటి, సముద్రము దాటి, లండనులోని డైరెక్టర్లను చేరెను. 1846లో మంజూరు లభించి, 1847లో పని ప్రారంభమయ్యెను.

ధనము దొరికినది గాని తగిన జనము దొరకలేదు. కాటన్ కోరిన ఇంజనీర్లలో, తాపీపనివారిలో స్వల్పభాగమే ఆయనకు లభించెను. ఆయన నిరాశపడక ఉన్నవారికే పని నేర్పెను. ధవళేశ్వరపు కొండరాతిని నదివద్దకు చేర్చుటకు ఇనుపకమ్ముల బండిదారి వేయించెను. కూలీలు వేలకొలది చేరిరి. వడ్రంగులు, కమ్మరులు నదీతీరమున కొలిమి పెట్టి కాపురముండిరి. వారిలో అగ్రగణ్యుడు వీణెం వీరన్న. దొరలకు తెలియని స్థలములు, జనులు, అలవాట్లు ఆయనకు తెలియును. కూలీలను సమకూర్చుట, వారికి ధైర్యము చెప్పుట, పని తప్పకుండ నడిపించుట ఆయన భారము. ఆయనకు ప్రభుత్వము రాయబహద్దరు బిరుదము నిచ్చి సత్కరించెను. కాటన్ వేసిన చిత్తును నేలమీద నిలిపినవారిలో వీరన్న స్థానము మిక్కిలి గొప్పది.

నది నాలుగు పాయలుగా పాఱుచోట ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరముల కడ నాలుగు కట్టలు లేచెను. నడుమ కాటన్ ఆరోగ్యము చెడి సెలవుపై పోవలసివచ్చెను. అయినను పని ఆగలేదు. కెప్టెన్ ఆర్ దానిని నడిపెను. ఒకని ఊపిరిమీద ఆధారపడక సాగుటయే మంచి కూర్పునకు గుర్తు. అంచనాను మించి ఖర్చు పెరిగెను. ప్రతి యేటను మరల అడుగుట, మరల సమాధానము చెప్పుట తప్పలేదు. తుదకు 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. వెంటనే లెఫ్టినెంటు హేగ్ గన్నవరమువద్ద నలువది తొమ్మిది కమానుల అక్విడక్టును ఒక్క పనికాలములోనే ముగించి లంకసీమకు నీరందించెను. బెజవాడవద్ద కృష్ణ ఆనకట్ట 1855 నాటికి పూర్తియయ్యెను. పెన్నకు నెల్లూరువద్ద కట్ట వెలసినదియు ఆ కాలముననే.

ఇచట ఒక విషయము గమనింపదగినది. గోదావరి డెల్టా రైతు వరిసేద్యము ఎఱిగినవాడు, నీటికై అలమటించుచున్నవాడు. కాలువ రాగానే గండి పెట్టి మడి తడుపుకొనెను. అతని సమ్మతిని ప్రత్యేకముగా అడుగవలసిన యవసరము కలుగలేదు. అడుగకయే లభించిన ఆ మూడవ భాగస్వామ్యము విలువ ఎంతటిదో తరువాతి ప్రయత్నమున తెలియవచ్చెను.

ప్రభుత్వపు బొక్కసము నుండి ధనము చాలినంత రాదని గ్రహించి, కాటన్ ప్రైవేటు పెట్టుబడివైపు దృష్టి సారించెను. 1858లో లండనున మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడెను. పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి ఐదు వంతున వడ్డీకి ప్రభుత్వము హామీ యిచ్చెను. సుంకేసులవద్ద తుంగభద్రకు అడ్డుకట్ట వేసి, ఆ నీటిని కర్నూలు, కడపల మీదుగా పెన్నా లోయలోనికి, అచటి నుండి నెల్లూరు సీమకు కొనిపోవుట తొలి సంకల్పము. అది నెఱవేరియున్నచో కలువాయి మెట్టరైతు బ్రదుకు ఆనాడే మాఱియుండెడిదేమో! కాని కాలువ కడపవద్దనే ఆగిపోయెను.

కారణములు స్పష్టము. లాభము వచ్చినను రాకున్నను వడ్డీ తప్పక వచ్చుచుండగా వాటాదారులకు పొదుపుపై శ్రద్ధ యేల కలుగును? ఖర్చు హద్దు మీఱెను. ప్రభుత్వము మఱియు అప్పు ఈయవలసివచ్చెను. అంతకంటె పెద్ద లోపము వేఱొకటి కలదు. ఆ సీమ నల్లరేగడి నేల వాననీటిని చాలకాలము పట్టి నిలుపుకొనును. రైతు దానిపై జొన్న, పత్తి పండించుకొనుచుండెను. వాన పడిన యేడు కాలువనీటికై తీరువా చెల్లించుటకు అతనికి అవసరము తోచలేదు. నీ పొలమునకు ఏ పంట అనువు, నీరు ఎప్పుడు కావలెను, ఎంత చెల్లింపగలవు అని అతనిని ముందుగా అడిగినవారు లేరు. కాలువ నిండుగ పాఱుచుండ పొలములు ఎండుగ నుండెను. ధాత కఱవున, అనగా 1876-78 సంవత్సరములలో, ఆ నీటి విలువ రైతునకు తెలిసినది గాని, అప్పటికే కంపెనీ దివాలా యంచున నుండెను. 1882లో ప్రభుత్వమే కాలువను కొనివేసెను. ధనమును జలమును కలిసినను, రైతు కలియనిదే సేద్యము లేదని ఆ కాలువ చాటినది.

కాటన్ 1860లో ఉద్యోగమును విరమించి, 1861లో సర్ బిరుదమును పొందెను. స్వదేశమునకు పోయినను విశ్రాంతి గైకొనలేదు. రైలుమార్గములకు కోట్లు వెచ్చించుచు కాలువలకు కాసు విదల్పరని ఆయన ఆవేదన. 1878లో పార్లమెంటు సంఘము ఆయనను విచారించెను. కర్నూలు కాలువ వైఫల్యము ఆయన ప్రత్యర్థులకు ఆయుధమయ్యెను. సంఘము ఆయన వాదమునకు మ్రొగ్గలేదు. ఆ ఒంటరితనమున ఆయన పక్షమున నిలిచినవారిలో ఫ్లారెన్స్ నైటింగేల్ ముఖ్యురాలు. తన పథకములపై ఆయనకు గల విశ్వాసము ఎంత దృఢమో, వాని లోపములను ఒప్పుకొనుటలో పట్టుదలయు అంత కఠినము. మహనీయులలోను ఈ ముడి కానవచ్చును.

వృద్ధాప్యమున డార్కింగులో నివసించుచు, ఇంటి పెరటిలో నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించు ప్రయోగములు చేసెను. మహానదులకు కట్టలు కట్టించిన చేతులతో చిన్న మడిలో ఒక్కొక్క మొక్కను పరిశీలించుచు కాలము గడపెను. రైతు కన్నుతో నేలను చూచుట ఆ వయస్సున కూడ ఆయనకు విసుగు కలిగింపలేదు. 1899 జూలై 24వ తేదీన, తొంబదియాఱవ యేట కన్నుమూసెను.

ఆయన పిదప మూడవ భాగస్వామిని చేర్చుకొను మార్గములు క్రమముగా ఏర్పడెను. మద్రాసు ఉద్యోగియైన ఫ్రెడరిక్ నికల్సన్ 1895-97 సంవత్సరములలో వ్రాసిన నివేదిక రైతుల పరపతి సంఘములకు దారి చూపగా, 1904లో సహకార చట్టము వచ్చెను. పలువురు చిన్నరైతులు ఒకరికొకరు పూచీపడి ధనము సమకూర్చుకొనుట అప్పటినుండి చట్టబద్ధమైనది. 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టము వలన నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడి, కాలువ నిర్వహణలో ఆయకట్టు రైతునకు స్థానము లభించెను.

కాటన్ కట్టించిన పాత ఆనకట్ట స్థానమున 1982 నాటికి క్రొత్త బ్యారేజి పూర్తియై, ఆయన పేరనే వెలసినది. దానిక్రింద పది లక్షల యెకరములు సాగగుచున్నవి. గోదావరిలో స్నానమాడి ఆయన పేర జలతర్పణము విడుచువారు నేటికిని కలరు. పెన్నపై 1970 దశకమున ఆరంభమైన సోమశిల జలాశయము నేడు 78 శతకోటి ఘనపుటడుగుల నీరు నిలుపగలదు. తెలుగుగంగలో భాగముగా అచటి నుండి కండలేరునకు పోవు వరదకాలువ కలువాయి సీమమీదుగా సాగుచున్నది. సంగము, నెల్లూరులవద్ద పాత ఆనకట్టలకు బదులు 2022లో క్రొత్త బ్యారేజీలు ప్రారంభమయ్యెను. ధనము వచ్చినది, జలము వచ్చినది. ఏ మడికి ఏ పంట, ఏ తూమునకు ఎంత నీరు అని రైతులు కూర్చుండి నిర్ణయించుకొనిన గ్రామమునందే ఆ రెండును ఫలించును. కాటన్ విజయము బోధించు పాఠమును, ఆయన పరాజయము బోధించు పాఠమును ఈ యొక్క చోట కలియుచున్నవి.