చెప్పులు కుట్టే ఆయన కొడుకు పాసిని



దసరా సెలవులకు నేను చిలకలగూడలో మా మేనమామ ఇంటికి పోయిన. ఇల్లు మూడో అంతస్తు. మా గూడెంలో మెట్లే లేవు. ఒక రాత్రి కరెంటు పోయింది. చీకట్లో దిగుతుంటే ఏమీ కనపడలే, అయినా ఎంత వంగాలో మోకాలికే తెలిసింది. ఎట్లా తెలిసిందో సైన్సు మేడంని అడగాలంటే మూడు రోజులు పట్టింది. లేచి అడిగితే నవ్వుతారని భయం. మేడం నవ్వలే, పాసిని గారి గురించి చెప్పారు.

ఫిలిప్పో పాసిని 1812 మే 25న ఇటలీలోని పిస్టోయాలో పుట్టారు. తండ్రి చెప్పులు కుట్టేవారు. కొడుకును చర్చి ఫాదర్‌ని చేయాలని ఇంట్లోవాళ్ల ఆశ. ఆయన మాత్రం 1830లో వైద్యం చదువులో చేరారు. మరుసటి ఏడాది శవం చెయ్యి కోసి నేర్చుకుంటుంటే (నేనైతే పారిపోదును) వేళ్ల నరాల పక్కన తెల్లని చిన్న గింజల్లాంటివి కనిపించాయి. వందేళ్ల కింద ఒక జర్మనీ డాక్టరు కూడా వాటిని చూశాడట, కానీ అందరూ మరిచిపోయారు. పాసిని వదల్లేదు. మైక్రోస్కోపులో చూస్తే ఉల్లిగడ్డ లాగా పొరలు పొరలుగా ఉన్నాయి, మధ్యలో నరం కొస.

1835లో ఫ్లోరెన్సులో పెద్ద డాక్టర్లకు చెబితే నమ్మలేదు. 1840లో ఆయనే పుస్తకం అచ్చు వేశారు. 1844లో హెన్లె, కోలికర్ అనే శాస్త్రవేత్తలు నిజమేనని ఒప్పుకొని వాటికి పాసిని పేరే పెట్టారు.

అవి కీళ్లలో కూడా ఉంటాయి. కీలు కదలడం మొదలైనా, ఆగినా వెంటనే మెదడుకు కబురు పంపుతాయి. రఫిని కొసలు కీలు ఎంత వంగిందో చెప్తాయి. గాల్జి రకంవి లిగమెంట్లలో ఉంటాయి, మరీ ఎక్కువ సాగితే హెచ్చరిస్తాయి. ఇంకొకటి ఏ పొరా లేని ఉత్త నరాల కొసలు. ఖో-ఖోలో నా మోకాలు మెలిపడ్డప్పుడు ఏడిపించింది అవే. కండరాలు కూడా కబుర్లు పంపుతాయి, అందుకే చీకట్లో నేను పడలే.

1854లో ఫ్లోరెన్సులో కలరా వచ్చింది. చెడ్డ గాలి వల్లనే వస్తుందని అప్పుడు చాలామంది అనుకునేవారు. పాసిని చనిపోయినవాళ్ల పేగుల్లో కామా లాగా వంకరగా ఉన్న క్రిముల్ని చూసి రాశారు. ఈసారి కూడా ఎవరూ పట్టించుకోలేదు. ఆయన పెళ్లి చేసుకోలేదు. జబ్బుతో ఉన్న ఇద్దరు అక్కచెల్లెళ్లను సాకుతూ, మైక్రోస్కోపులకు ఖర్చు పెడుతూ, 1883 జులై 9న బీదవాడిగానే చనిపోయారు. మరుసటి ఏడాది కోక్ గారు మన కలకత్తాలో అదే క్రిమిని చూసి చెప్పారు, పేరంతా ఆయనకే వచ్చింది.

1965లో ఆ క్రిమి శాస్త్రీయ నామం పక్కన పాసిని, 1854 అని చేర్చారు. అప్పటికి ఆయన పోయి 82 ఏళ్లు.